చరణం మీది, పల్లవి అందరిదీ

ప్రశ్న:

అక్కా, నమస్తే. నాకు 38 ఏళ్లు. పోయిన ఏడాది వచ్చిన వరదలో మా కాలనీలో ఆరు ఇళ్లలో ఆరుగురు చనిపోయారు. వాళ్లలో మా తమ్ముడు ఒకడు. వచ్చే నెలకి ఏడాది అవుతుంది. ఆ రోజు అందరం ఒకచోట కలుద్దామని కాలనీవాళ్లు అనుకుంటున్నారు. కొందరు స్టేజీ వేసి, మంచి ఆర్కెస్ట్రాని పిలిచి కచేరీ పెడదామంటున్నారు. పెద్దవాళ్లేమో "మానుతున్న పుండుని గోకడం దేనికి, ఇలాంటి రోజున పాటలేంటి" అంటున్నారు. నాకైతే మా తమ్ముడి మీద నేనే ఒక పాట రాసి పాడాలని ఉంది. చిన్నప్పుడు స్కూల్లో పాడేదాన్ని, అంతే. రాగాలూ ఛందస్సూ ఏవీ రావు. ఓ రాత్రి కూర్చుని రెండు లైన్లు రాసి, బాగా ఏడ్చేశాను. తెల్లారి మా ఆయన "ఇలా రాస్తూ కూర్చుంటే ఇంకా కుంగిపోతావ్" అన్నారు. పాట వల్ల నిజంగా మనసు కుదుటపడుతుందా, లేక కాసేపు మర్చిపోవడానికేనా? రాయనా, మాననా?

"కన్నీటి కడలిలో మునిగాను తమ్ముడా
చీకటి లోకంలో మిగిలాను తమ్ముడా"

బాగోలేదని నాకూ తెలుసు. వాడి గురించి రాయాలంటే ఏమీ తోచడం లేదు. ఫోన్ చేసినప్పుడల్లా హలో అనేముందు ఒకసారి గొంతు సవరించుకునేవాడు. తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ ముందు ఆ చప్పుడు కోసమే వింటాను.

ఇట్లు, ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో పాట ఉంది. మీరు పాట అని రాసిన చోట మాత్రం లేదు. కన్నీటి కడలి, చీకటి లోకం ఎవరు పోయినా ఎవరైనా రాయగలిగే మాటలు. వాటిలో మీ తమ్ముడు కనబడడు. ఏమీ తోచడం లేదంటూనే కింద రాసిన రెండు ముక్కల్లో మనిషి నిలువెత్తున ఉన్నాడు. హలో అనేముందు గొంతు సవరించుకునే ఒక కుర్రాడు, ఆ చప్పుడు కోసం ఇప్పటికీ చెవి ఒగ్గి వినే ఒక అక్క. మీ తమ్ముణ్ణి నేను ఎన్నడూ చూడలేదు. ఆ రెండు ముక్కలు చదివాక మాత్రం ఆయన గొంతు నాకూ వినబడినట్టే అనిపించింది.

రాయనా, మాననా అన్నారు. రాయండి.

మీ ఆయన భయం నాకు అర్థమైంది. భార్య రాత్రంతా ఏడుస్తుంటే చూడలేక అన్న మాట అది. ఆయనకి ఈ సంగతి చెప్పండి. 1986లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట రాయించారు. కొందరిని మామూలు విషయాల మీద రాయమన్నారు, కొందరిని తమ జీవితంలో బాగా బాధపెట్టిన సంఘటన మీద. బాధ గురించి రాసినవాళ్లకి రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. అక్కడితో ఆగిపోతే మీ ఆయన అన్నదే నిజమని ఎవరైనా అంటారు. తర్వాతి నెలల్లో చూస్తే, జరిగినదాన్నీ దాని వల్ల తమకి కలిగిన బాధనీ రెండూ కలిపి రాసినవాళ్లు మిగతావాళ్లకన్నా తక్కువసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఆ తర్వాత ఈ పద్ధతి మీద చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. అందరికీ ఒకే మేరకు పనిచేస్తుందని కాదు గానీ, రాసి ఏడ్చినంత మాత్రాన మనిషి పాడైపోతున్నట్టు కాదు.

మీరు ఏడ్చింది కూడా అలా రాసిన వెంటనే వచ్చే ఏడుపే. అయితే ఒక మార్పు చేసుకోండి. రాత్రి పడుకునే ముందు రాయకండి, పగటిపూట రాయండి. పావుగంట కాగానే పుస్తకం మూసేసి లేచి ఏదో ఒక పని అందుకోండి. రోజంతా ఆ కాగితం ముందే కూర్చోవద్దు.

ఇక మీ అసలు ప్రశ్న, పాటతో మనసు కుదుటపడుతుందా లేక అది మర్చిపోవడానికేనా అన్నది. మర్చిపోవడానికి పనికొచ్చే పాటలు వేరే ఉన్నాయి. వాటి అవసరమూ మనిషికి ఉంటుంది, నేను కాదనను. మీరు రాయాలనుకుంటున్నది ఆ రకం కాదు. డైరీ మీ చేతుల్లోనే ఉండిపోతుంది. పాట ఇంకొకరి నోట్లోకి వెళ్తుంది. నా దృష్టిలో పాట చేసే మేలంతా అక్కడే ఉంది. మన పాట అల్లికే దానికి తగ్గట్టు ఉంటుంది చూడండి. చరణంలో ఒకరి కథ నడుస్తుంది. పల్లవి దగ్గరికి వచ్చేసరికి చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. చరణం పాడే మనిషి ఆ కాసేపు ఊపిరి పీల్చుకుంటాడు.

నేను చూసిన ఒక సంగతి చెప్తాను. సొంతంగా పాటలు కట్టుకునేవాళ్లం కొందరం నెలకోసారి ఒక గదిలో కూర్చుంటాం. పదిహేను మందికి మించం. అక్కడికి ఒక పెద్దాయన వచ్చేవాడు. మూడు నెలలు వెనక కుర్చీలో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా విని వెళ్లిపోయాడు. నాలుగోసారి జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "దీన్లో ఒక అలారం ఉంది" అన్నాడు. ఆయన భార్య పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేదట. ఆవిడ ఫోన్ ఎప్పుడూ ఎక్కడో పెట్టి మర్చిపోతుందని అలారం ఈయన ఫోన్లో పెట్టారు, ఐదూ పదికి. ఆవిడ పోయి రెండేళ్లయింది. అది రోజూ మోగుతూనే ఉంది. ఈయన లేచి, ఆపి, మళ్లీ పడుకుంటాడు.

ఆయన చెప్తుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. ఆయన అన్న మాటలే, ఒక్కటీ మార్చకుండా. చెప్పడం అయ్యాక పైకి చదివాను. "ఇంకా తీసెయ్యలేదు" అని ఆయన మూడుసార్లు అన్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు. నేను చదువుతుంటే తలెత్తి చూశాడు. నాలుగు లైన్లు విడిగా రాసి ఆయన చేతికిచ్చాను.

ఐదూ పదికి మోగుతుంది
లేచి ఆపి పడుకుంటాను
మాత్ర వేసుకునే మనిషి లేదు
ఇంకా తీసెయ్యలేదు

"ఇది పాటా అమ్మా?" అన్నాడు. పాడితే పాటే అన్నాను. మూడు నాలుగు స్వరాలకి మించని వరస, చిన్నపిల్లలు అంకెలు చెప్పినట్టు ఉంటుంది. మొదటిసారి పాడేశాడు. రెండోసారి "మనిషి లేదు" దగ్గర గొంతు పూడుకుపోయింది. గదిలో ఎవరూ కదల్లేదు. పక్క కుర్చీలో ఒక అమ్మాయి ఉంది, పాతికేళ్లు ఉంటాయేమో. ఆ అమ్మాయి మెల్లగా "ఇంకా తీసెయ్యలేదు" అని అందుకుంది. మూడోసారికి అందరం అందుకున్నాం. పాట ఆగాక ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, "నువ్వేం తీసెయ్యలేదమ్మా?" అని అడిగాడు. "మా ఇంట్లో స్విచ్‌బోర్డు మీద అమ్మ ఒక చీటీ అతికించింది. 'ఇది బాల్కనీ లైటు' అని రాసి ఉంటుంది. బాల్కనీ లైటు ఏదో నాకు తెలుసు అంకుల్" అంది.

ఆయన అలారం ఇప్పటికీ మోగుతోంది. మొన్నామధ్య కనబడి ఒక మాట అన్నాడు. పొద్దున లేచి దాన్ని ఆపేటప్పుడు మేమందరం ఆ లైను అందుకుంటున్నట్టు ఉంటుందట. ఈ సంగతి రాయడానికి ఆయన, ఆ అమ్మాయి ఇద్దరూ ఒప్పుకున్నారు.

దీని వెనక ఒంట్లో జరిగే పనీ ఉంది. మామూలుగా మన ఊపిరి మన ఇష్టం. పాట మొదలెట్టామా, ఊపిరి పాట చెప్పినట్టు వినాలి. లైను ఎక్కడ ఆగితే అక్కడే పీల్చాలి, లైను పొడుగునా మెల్లగా వదలాలి. అలా నెమ్మదిగా వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది. పదిమంది ఒకే పాట పాడితే పదిమందీ ఒకేసారి పీలుస్తారు, ఒకేసారి వదులుతారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, కలిసి పాడుతున్న పద్దెనిమిదేళ్ల పిల్లల గుండె వేగాన్ని కొలిచారు. అందరి గుండె వేగం పాటతో పాటు ఒకే తీరున పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. దుఃఖంలో ఉన్నప్పుడు ఊపిరి ఛాతీ పైనే ఆడుతుంటుంది, నిండుగా లోపలికి దిగదు. మీకు ఈ ఏడాదిగా అది తెలిసే ఉంటుంది. ఒక పొడుగు లైను పాడి చూడండి.

మనసు మాటకొస్తే, లండన్‌లో డెయిసీ ఫాంకోర్ట్, రోజీ పెర్కిన్స్ ప్రసవం తర్వాత డిప్రెషన్ లక్షణాలున్న 134 మంది తల్లులతో చేసిన పరిశోధన ఉంది. 2018లో ప్రచురించారు. పది వారాలు ఒక గుంపు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కలిసి పాడింది, తల్లితనం మీద సొంతంగా కొత్త పాటలు కట్టుకుంది. ఇంకో గుంపు పాట లేకుండా పిల్లలతో కలిసి ఆటల్లాంటివి ఆడింది. మూడో గుంపుకి మామూలుగా అందే వైద్యమే. లక్షణాలు ఎక్కువగా ఉన్న తల్లుల్లో పాటల గుంపువాళ్లు మిగతావాళ్లకన్నా త్వరగా తేరుకోవడం మొదలెట్టారు. చివరికి వచ్చేసరికి మిగతా గుంపులవాళ్లూ తేరుకున్నారు. ఆ "త్వరగా" అన్న మాట చిన్నదేం కాదు. బాధలో ఉన్న మనిషికి ఒక నెల ముందు కాస్త తెరిపి దొరకడమంటే ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ కాలనీ సంగతి. ఆరు ఇళ్లలో ఆరుగురు పోయారు. మీరు మిగతా ఐదిళ్ల గురించి ఒక్క మాట కూడా రాయలేదు. తప్పు పట్టడం లేదు, నా అనుభవంలో ఎక్కువగా ఇలాగే ఉంటుంది. ఒకే దెబ్బ తిన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తప్పుకుని తిరుగుతారు. ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలియదు. అందుకే ఈ ముక్క మీకు చెప్పాలి. 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, కొత్తగా చేరినవాళ్లతో ఏడు నెలలు నడిచిన తరగతుల్ని గమనించారు. కొన్ని పాటల తరగతులు, కొన్ని చేతిపనులవి, కొన్ని రచనవి. ఏడు నెలలు పూర్తయ్యేసరికి అన్ని తరగతుల్లోనూ మనుషులు దగ్గరయ్యారు. తేడా అంతా మొదట్లోనే. పాటల తరగతివాళ్లు మొదటి నెలలోనే దగ్గరైపోయారు. ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియకముందే, కష్టసుఖాలు చెప్పుకోకముందే. మీకు ఉన్నదీ ఒక్క నెలే కదా.

పెద్దవాళ్ల మాట కొట్టిపారేయకండి. బలవంతంగా గోకితే పుండు రేగుతుంది, అది నిజం. ఎవర్నీ లాక్కొచ్చి కూర్చోబెట్టకూడదన్నంత వరకు వాళ్ల మాట వినండి. "ఇలాంటి రోజున పాటలేంటి" అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. 2017 మే 22న మాంచెస్టర్‌లో ఒక కచేరీ ముగిసే వేళ బాంబు పేలి 22 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. మూడు రోజుల తర్వాత సెయింట్ ఆన్స్ స్క్వేర్‌లో జనం చేరి ఒక నిమిషం మౌనం పాటించారు. మౌనం ముగిశాక ఒకావిడ, ఆ ఊళ్లోనే పుట్టిన బ్యాండు పాట ఒకటి సన్నగా అందుకుంది. మైకు లేదు, ముందుగా అనుకున్నదీ కాదు. పక్కవాళ్లు ఒక్కొక్కరే గొంతు కలిపారు. పాటల చోటే ఆ ఘోరం జరిగింది, అయినా ఆ జనానికి మౌనం తర్వాత కావలసి వచ్చింది పాటే. మీ పెద్దవాళ్లతో వాదం పెట్టుకోవద్దు. "ముందు మౌనంగా కూర్చుందాం, ఆ తర్వాత పాడాలనిపించినవాళ్లు పాడతారు" అనండి. ఎక్కువమంది దీనికి కాదనరు.

ఆర్కెస్ట్రావాళ్ల మీద నాకు చిన్నచూపు లేదు. సంగీతం బతుకుదెరువుగా పెట్టుకున్నవాళ్లంటే గౌరవమే. ఆ రోజుకి మాత్రం వద్దనే చెప్తాను. స్టేజీ వేస్తే కుర్చీలన్నీ ఒకే వైపుకి తిరుగుతాయి. మీ ఎదురింటివాళ్ల మొహం కనబడదు, వీపు కనబడుతుంది. పెద్ద స్పీకర్లు పెడితే మీ గొంతు మీకే వినబడదు, ఇక పక్కవాళ్ల గొంతు ఏం వినబడుతుంది? కావాలంటే కీబోర్డు వాయించేవాళ్లనో గిటార్ వాయించేవాళ్లనో ఒక్కరిని పిలవండి. వరస పట్టుకుని వెనక ఉంటారు.

పాట ఎలా రాయాలో చెప్తాను. ముందుగా ఒక్క మాట: మీరు మీ తమ్ముణ్ణి "తమ్ముడా" అని ఎప్పుడైనా పిలిచారా? ఉత్తరమంతా "వాడు" అని రాశారు. పాటలోకి వచ్చేసరికి ఆయన తమ్ముడా అయిపోయాడు. పాటలో కూడా వాడు వాడే. ఇంట్లో ముద్దుపేరు ఉంటే ఆ పేరే. ప్రాస కోసం కుస్తీ పట్టకండి. ప్రాస కుదిరితే మంచిదే, కుదరలేదని వాడి మీద మీరెన్నడూ అనని మాట తెచ్చి పెట్టకండి.

"ముందు ఆ చప్పుడు కోసమే వింటాను." మీ ఉత్తరంలోంచి తీసిన ఈ మాటే పల్లవి. నేను ఒక్క అక్షరం కలపలేదు. చరణంలో వాడి ఫోన్ సంగతులు రాయండి. ఏ వేళకి చేసేవాడు, దేనికి చేసేవాడు, డబ్బు అడగడానికా, ఊరికే కబుర్లకా, గొంతు సవరించుకున్నాక మొదటి మాట ఏమనేవాడు. మీరిద్దరూ పోట్లాడుకున్న ఫోను ఒకటి ఉండే ఉంటుంది, అదీ రాయండి. పోయినవాళ్లని దేవుళ్లని చేసేస్తే పాట చల్లబడిపోతుంది. నాలుగైదు లైన్లు చాలు.

వరసకి భయపడకండి. పల్లవిని మామూలుగా మాట్లాడినట్టే పదిసార్లు పైకి అనండి. "ముందు" దగ్గర గొంతు ఎక్కడ లేస్తోందో, "వింటాను" దగ్గర ఎక్కడ దిగుతోందో మీకే తెలుస్తుంది. ఆ ఎత్తుపల్లాలనే కాస్త సాగదీస్తే వరస వచ్చేస్తుంది. జోలపాటలు వినండి, నాలుగైదు స్వరాల్లో తిరుగుతాయి, పాట రానివాళ్లూ పాడేస్తారు. అంతకు మించిన వరస వద్దు. ఇంకో జాగ్రత్త, శ్రుతి కిందకే పెట్టుకోండి. ఏడుపు వస్తే గొంతు బిగుస్తుంది, పై స్థాయి అందదు. ఇంట్లో కులాసాగా అందిన స్వరం ఆ రోజు అందకపోవచ్చు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకొకటి తట్టింది. తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే చెవి ఒగ్గేది మీరొక్కరేనా? ఆ ఐదిళ్లలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక చప్పుడు కోసం వింటూనే ఉంటారు. గేటు గడియ తీసిన చప్పుడో, మెట్ల మీద చెప్పుల చప్పుడో, స్నానం చేస్తూ తీసే కూనిరాగమో. మీరు ఒక్కరే పాట రాసే బదులు, పల్లవి ఇది పెట్టుకుని ఇంటికో చరణం రాస్తే? ఆరు చరణాలు, ఒక పల్లవి. ఒక చరణం ఒకరు పాడతారు, పల్లవి కాలనీ అంతా అందుకుంటుంది.

ఇది కొత్తగా ఎవరూ చెయ్యని పనేం కాదు. 2011లో బ్రిటన్‌లో, భర్తలు అఫ్ఘానిస్థాన్ యుద్ధంలో ఉన్న సైనికుల భార్యలు ఒక బృందంగా పాడారు. గారెత్ మలోన్ అనే బృందగాన శిక్షకుడు వాళ్లకి పాట నేర్పాడు. దంపతులు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల్లోంచి మాటలు ఏరి తీస్తే, వాటికి పాల్ మీలర్ అనే స్వరకర్త సంగీతం కట్టాడు. కవులు రాసిన మాటలు కావవి. ఆ ఏడాది క్రిస్మస్‌కి బ్రిటన్‌లో అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది ఆ పాటే. అమెరికాలో 2012 నుంచి సాంగ్‌రైటింగ్ విత్ సోల్జర్స్ అనే సంస్థ ఉంది. డార్డెన్ స్మిత్ అనే పాటల రచయిత దాని వ్యవస్థాపకుల్లో ఒకడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మనిషి చెప్తాడు, పాట కట్టేవాళ్లు వింటారు, ఆయన మాటలతోనే పాట కట్టి ఆయన ముందే పాడతారు. పాట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. మేరీ గోషే అనే గాయని అలా సైనికులతో, వాళ్ల కుటుంబాలతో కలిసి రాసిన పాటలతోనే 2018లో ఒక ఆల్బమ్ తెచ్చింది. అది సంగీతానికి ఇచ్చే గ్రామీ అవార్డు నామినేషన్ దాకా వెళ్లింది. మీకు గ్రామీలూ అమ్మకాలూ అక్కర్లేదు, పద్ధతి తీసుకోండి. వినడం, వాళ్ల మాటే రాయడం, వాళ్లకే చదివి వినిపించడం.

ఒక్కో ఇంటికి వెళ్లండి. ఒక్కరే వెళ్లండి, గుంపుగా వద్దు. ముందు మీ చరణం పాడి వినిపించండి, రాని పాటైనా సరే. ఆ తర్వాత "మీకు ఏ చప్పుడు గుర్తుంది" అని అడిగి ఊరుకోండి. వాళ్లు చెప్పేదాకా ఆగండి, మధ్యలో ఓదార్చకండి. చెప్పకపోతే కాసేపు కూర్చుని వచ్చేయండి. చెప్తే వాళ్ల మాటల్లోనే రాసి అక్కడే చదవండి. "ఈ మాట వద్దు" అంటే అక్కడికక్కడే కొట్టేయండి. రాసిన కాగితం వాళ్లకే ఇచ్చి రండి. తర్వాత మనసు మారి వద్దన్నా సరేననండి. ఒక ఇల్లు చరణం ఇవ్వకపోతే ఆ ఇంటి వంతు వచ్చినప్పుడు చరణం బదులు కాసేపు మౌనం, ఆ వెంటనే పల్లవి. వాళ్లని వదిలేసినట్టు మాత్రం కాకూడదు.

ఆ సాయంత్రానికి పెద్ద హంగులు వద్దు. కుర్చీలు గుండ్రంగా వేయండి. తలుపు దగ్గర కొన్ని ఖాళీ కుర్చీలు ఉంచండి, మధ్యలో లేచి వెళ్లాలనిపించినవాళ్లకి ఇబ్బంది ఉండదు. బయట నమ్మకమైన మనిషి ఒకరు ఉండాలి. ఎవరైనా ఏడుస్తూ బయటికొస్తే పక్కన నిలబడడానికి అంతే, మాట్లాడించడానికి కాదు. పాడే పల్లవి అందరికీ కాగితం మీద ఇవ్వండి. చరణం అవగానే చప్పట్లు కొట్టొద్దని ముందే చెప్పండి. చప్పట్లు పడితే అది పోటీ అయిపోతుంది, ఎవరికి ఎక్కువ పడ్డాయో లెక్క మొదలవుతుంది. ఫోన్లు లోపల పెట్టించండి. ఒకరి ఏడుపు వీడియో తెల్లారేసరికి గ్రూపుల్లో తిరుగుతుంటే ఆ కుటుంబం మళ్లీ నోరు విప్పదు. గంటలో ముగించండి. ఆరు చరణాలయ్యాక అందరికీ వచ్చిన తేలికైన పాట ఒకటి, పిల్లలు కూడా పాడేది, చివర్లో పాడుకుని లేవండి. బరువు మీద బరువు పెట్టి ఇళ్లకి పంపకూడదు.

జాగ్రత్తలు ఒకటి రెండు ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకండి. పాట అందరికీ మందు కాదు. సాండ్రా గారిడో బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, డిప్రెషన్‌తో ఉండి అదే ఆలోచన తిప్పితిప్పి చేసుకునే స్వభావం ఉన్నవాళ్లు గుంపుగా కూర్చుని విషాద సంగీతం విన్నాక ఇంకా దిగులుపడ్డట్టు తేలింది. అందుకే నెలకి నాలుగుసార్లు చేరి ఏడ్చుకునే కూటమి పెట్టొద్దంటాను. పాట కట్టే పని ఉండాలి, నేర్చుకునే పని ఉండాలి, పాటైపోయాక మామూలు కబుర్లుండాలి. ఏడాదవుతున్నా నిద్ర పట్టనివాళ్లు, ఇంట్లోంచి కదలనివాళ్లు, "నేనెందుకు మిగిలాను" అనేవాళ్లు ఆ ఐదిళ్లలో ఉంటే పాట దగ్గర ఆగిపోకండి. మంచి కౌన్సెలర్ దగ్గరికో మానసిక వైద్యుల దగ్గరికో తోడు వెళ్లండి. చచ్చిపోవాలని ఎవరైనా అంటే అదే రోజు తీసుకెళ్లండి. ఈ మాట మీకూ వర్తిస్తుంది. రాస్తున్న కొద్దీ, రెండు మూడు వారాలు గడిచినా, మనసు తేలికపడే బదులు కిందకే జారుతోందనిపిస్తే రాయడం ఆపి డాక్టర్‌ని కలవండి. అప్పుడు మీ ఆయన మాటే సరైనదవుతుంది.

ఆయన్నీ ఇందులోకి తీసుకురండి. బావమరిదితో ఆయనకీ ఏదో అనుబంధం ఉండే ఉంటుంది, ఆ బాధ ఆయన ఎక్కడ పెట్టుకున్నారో. రాసింది ముందుగా ఆయనకే పాడి వినిపించండి. ఎలా ఉందని అడగొద్దు. పల్లవి అందుకోమనండి, అంతే.

పాట ఒక రూపానికి వచ్చాక ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి. మీ చరణం ఒక్కటి చాలు, మిగతా ఇళ్లవి వాళ్లవి. పాడేముందు మీరూ ఒకసారి గొంతు సవరించుకుంటారు కదా, ఆ చప్పుడు తీసెయ్యకుండా పంపండి.